ఎడమ మార్జిన్

ప్రెస్సులో ఆవిడని అందరూ మార్జినక్క అంటారు. విజిటింగ్ కార్డు దగ్గర్నుంచి పాఠ్యపుస్తకం దాకా ఏది చేతికిచ్చినా ముందు స్కేలు తీసి అంచులు కొలుస్తుంది. ఎడమకీ కుడికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ పేజీ ఆవిడ బల్ల దాటి బయటికి పోదు. "అక్షరాలదేముంది, ఎవరైనా పేరుస్తారు. చుట్టూ ఖాళీ వదలడం రావాలి" అంటుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే ఈ మాట చెబుతుంది. చెబుతున్నప్పుడు వెనకాల పాతవాళ్లు ఆవిడతో పాటు పెదాలు కదుపుతారు. ఆవిడకి తెలుసు, అయినా చెబుతుంది.

అలాంటి మనిషి నెత్తిన మూలకాల పట్టిక వచ్చి కూర్చుంది. ప్రెస్సు ఓనరుకి ఒక ఆలోచన వచ్చింది. ఓనరుకి ఆలోచన వచ్చిందంటే మార్జినక్కకి పని పడ్డట్టే. ప్రతి బడిలోనూ కెమిస్ట్రీ గదిలో గోడకి మూలకాల పట్టిక వేలాడుతుంది కదా, అన్నీ ఒకే మోస్తరుగా ఉంటాయి కదా, మనం ఏ బడికి కావలసినట్టు ఆ బడికి పోస్టరు వేసిద్దాం అన్నాడు. రంగులు వాళ్లిష్టం, అక్షరాల సైజు వాళ్లిష్టం, గడిలో ఏం రాయాలో వాళ్లిష్టం. అని చేతులు దులుపుకుని లోపలికి వెళ్లి ఏసీ వేసుకున్నాడు.

ఆవిడ వాడేది మౌసుతో బొమ్మలు లాగి అతికించే సాఫ్ట్‌వేర్ కాదు. అందులో ఏం కావాలో రాసి చెప్పాలి. గడి ఇంత వెడల్పు, పేరు ఇంత సైజు, ఫలానా గ్రూపుకి ఫలానా రంగు, అన్నీ రాతలోనే. రాసి మీట నొక్కితే పేజీ తయారై వస్తుంది. ఎక్కడో ఒక బ్రాకెట్టు మూయడం మర్చిపోయామా, పేజీ రాదు, ఎర్ర అక్షరాల్లో తిట్లు వస్తాయి. మిగతావాళ్లకి ఇది ఎందుకొచ్చిన తద్దినం అనిపిస్తుంది గానీ ఆవిడకి ఇదే సుఖం. గడులన్నీ ఒక్కొక్కటిగా పెట్టలేదావిడ. ఒక్క గడిని ఒళ్లు దగ్గర పెట్టుకుని తయారుచేసింది, మిగతావి దాన్ని చూసి వాటంతటవే తయారయ్యేట్టు రాసింది. ఫైలు మొదట్లో కొన్ని లైన్ల సెట్టింగులు పెట్టింది. అక్కడ ఒక్క మాట మారిస్తే చాలు, పోస్టరు మొత్తం మారిపోతుంది.

ఇక మొదలైంది బడులవాళ్ల గోల. ఒకరు మొత్తం గులాబీరంగు కావాలన్నారు. ఇంకొకరు రంగులే వద్దు, పిల్లల ధ్యాస చెడుతుందన్నారు. ఒక బడివాళ్లు జడవాయువుల పైన, పై అంచులో ఖాళీ ఉంది కదా, అక్కడ మా కరస్పాండెంటుగారి ఫోటో పెట్టండి అన్నారు. "జడవాయువుల నెత్తిన కూర్చోడానికి ఆయనకేం అభ్యంతరం లేదా" అని ఫోన్లో అడిగింది. కనుక్కుని చెబుతామన్నారు. లేదట. పెట్టింది. ఇంటికి వెళ్లేసరికి ఆవిడ కళ్ల ముందు గడులు ఈదుతుండేవి.

ఇంట్లో మాస్టారున్నాడు. మాస్టారంటే ఆవిడ మొగుడు. బడిలో కెమిస్ట్రీ చెబుతాడు, చెప్పేవాడు, మళ్లీ చెబుతానంటున్నాడు, ఈ మూడింట్లో ఏది ఖాయమో తేలాల్సి ఉంది. చలికాలంలో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో కుడివైపు రక్తం గడ్డకట్టిందన్నారు. ఆస్పత్రి, మందులు, వ్యాయామాలు అన్నీ అయ్యాయి. చెయ్యి తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. మాటైతే అసలు పోనేలేదు, ఐసీయూలో పడుకుని నర్సుకి ఆక్సిజన్ గురించి పాఠం చెప్పాడు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాక అప్పుడు బయటపడింది, తిరిగిరానిది ఒకటుందని. ఆయనకి ఎడమ పోయింది.

కళ్లు పోలేదు. కళ్లు భేషుగ్గా ఉన్నాయని కళ్ల డాక్టరే చెప్పాడు. ఎడమవైపు ఏదైనా ఉంటుందన్న ధ్యాస పోయింది. కంచంలో కుడివైపు సగం శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని, ఇవాళ అన్నం తక్కువ పెట్టారేం అంటాడు. కుడిచెంప నున్నగా గీసుకుని, ఎడమచెంప మీద గడ్డం అలాగే వదిలేసి, ఈల వేసుకుంటూ బయటికొస్తాడు. చొక్కా ఒక చేతికి తొడుక్కుంటాడు, రెండో చెయ్యి వీపు మీద వేలాడుతుంటే వీధిలోకి బయల్దేరతాడు. ఇదిగో ఇలా చేస్తున్నారండీ అంటే ఒప్పుకోడు. ఆయన మటుకు ఆయనకి ప్రపంచం నిండుగానే ఉంది. తేడా వచ్చింది ఇంట్లోవాళ్లకేనని ఆయన నమ్మకం.

అత్తగారికి ఈ రోగం పేరూ ఊరూ అక్కర్లేదు. ఆవిడ తన వైద్యం తాను కనిపెట్టుకుంది. కొడుకు సగం తినేదాకా ఆగి, మంచినీళ్లు పోసే వంకతో వంగి, కంచాన్ని సగం చుట్టు తిప్పేస్తుంది. ఎడమన ఉన్నది కుడికొస్తుంది.

"ఇంకాస్త ఉందిరా నాన్నా, తిను."

"ఇందాక లేదే."

"ఇప్పుడే వడ్డించా."

ఆయన తింటాడు. ఆవిడ కోడలి వంక చూసి కళ్లెగరేస్తుంది, చూశావా నా తెలివి అన్నట్టు. నవ్వడానికి మార్జినక్కకి ఓపిక ఉన్న రోజున నవ్వుతుంది.

వారానికోసారి వచ్చే థెరపీ అమ్మాయి ఒకసారి ఇది చూసి తల పట్టుకుంది. "అమ్మమ్మగారూ, తిప్పకండి. మీరు తిప్పేస్తే ఇంక ఆయన ఎందుకు వెతుక్కుంటారు" అంది. బల్లకి ఎడమ అంచున, పుస్తకానికి ఎడమ అంచున ఎర్రటి టేపు అంటించమంది. ఎర్రది కనపడేదాకా తల తిప్పండి అని గుర్తుచేస్తూ ఉండమంది. "అక్కా, మీరు కూడా ఎడమవైపే కూర్చోండి. అటునుంచే పలకరించండి. విసుగొస్తుంది, నాకు తెలుసు. కానీ దీనికి అదొక్కటే మందు" అంది.

మార్జినక్క అన్నిటికీ తలూపింది. టేపు కొనుక్కొచ్చింది కూడా. కానీ ఎర్రది కనపడేదాకా తిరగండి అన్నప్పుడల్లా మాస్టారికి ముక్కు మీదకి కోపం వచ్చేది. "నన్ను ఒకటో తరగతిలో వేశారా ఏంటి అందరూ కలిసి" అనేవాడు. పోనీ ఎడమవైపు కూర్చుని పలకరిస్తే, ఆయన కుడివైపు గోడకేసి తిరిగి జవాబు చెప్పేవాడు. ఏమండీ అని ఇటునుంచి పిలిస్తే, ఏమోయ్ అని అటు గోడని అడిగేవాడు. కట్టుకున్న మొగుడు గోడతో కాపురం చేస్తుంటే పక్కన కూర్చుని ఎంతకాలమని చూస్తుంది ఏ ఆడదైనా. పగలంతా ప్రెస్సు, సాయంత్రమంతా ఇది. ఓపిక ఉన్నన్నాళ్లు చూసింది. తర్వాత ఒక రోజు లేచి కుడివైపు కుర్చీలోకి మారిపోయింది. టేపు చుట్ట సొరుగులో పడిపోయింది.

పోస్టరు మొదటి ప్రూఫు ఇంటికి తెచ్చింది. పెళ్లైనప్పటినుంచీ అదే అలవాటు. కెమిస్ట్రీ పుస్తకం ఏది వచ్చినా ఆయన చూడందే ఆవిడ అచ్చుకి పంపదు. తప్పు దొరికితే ఆయన మొహం వెలిగిపోయేది, కాఫీ పెట్టు అనేవాడు. తప్పు దొరకని రోజున ఆవిడే అడిగి ఆయన చేత కాఫీ పెట్టించుకునేది. జబ్బు చేశాక ఇదే మొదటిసారి, కాస్త పాత రోజులు వస్తాయని ఆశపడింది.

ఆయన బల్ల మీద పోస్టరు పరిచి, కళ్లజోడు సవరించుకుని, చాలాసేపు చూశాడు.

"ఏమోయ్, సగమే వేశారేం?"

"పూర్తిగానే ఉందండీ."

"ఎక్కడ పూర్తి? హైడ్రోజన్ లేదు. సోడియం లేదు. పొటాషియం లేదు. క్షారలోహాల వరుస మొత్తం ఎగరగొట్టారు."

"ఉన్నాయండీ. కాస్త తల ఇటు తిప్పండి."

"తలెందుకు తిప్పాలి. పట్టిక నా ముందుంటే."

ఆవిడ వేలు పెట్టి చూపించింది. వేలి వెంట తల తిప్పాడు, ఆఁ, ఉందుంది అన్నాడు. వేలు తీసేసింది. తల వెనక్కి వచ్చేసింది. మళ్లీ మొదటినుంచి చదివి, "అయినా సోడియం వెయ్యకుండా ఎలా పంపుదామనుకున్నావ్" అన్నాడు. "అంచులు కొలుచుకోవడమే గానీ లోపలేముందో చూసుకోవు నువ్వు."

ఆ మాట ఆవిడకి ఎక్కడో తగిలింది. ప్రెస్సులో ఎవరూ ఆవిడని అనలేని మాట అది. రోగం అంటోంది, మనిషి కాదు అని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకోవడం అలవాటై ఆ మాటకి పస తగ్గిపోయింది.

అయినా పట్టు వదల్లేదు. మర్నాడు అక్షరాలు పెద్దవి చేసి తెచ్చింది. లేదన్నాడు. ఎడమ మార్జిన్ పెంచి పట్టికని మధ్యకి జరిపి తెచ్చింది. లేదన్నాడు. క్షారలోహాలకి ఒక్కటే ముదురు రంగు వేసి, మిగతావన్నీ పాలిపోయినట్టు చేసి తెచ్చింది. "ఇవేంటి ఇలా వెలిసిపోయాయి, సోడియం సంగతి అలాగే ఉంది" అన్నాడు. ఉందంటే లేదని, లేదంటే ఉందని, సాయంత్రాలన్నీ ఇదే గొడవ. అత్తగారు టీవీ సౌండు పెంచుకునేది.

అలాంటప్పుడు బడినుంచి హెడ్ మేడమ్ ఫోను చేసింది. మాస్టారి బదులు పెట్టుకున్న టీచరు వెళ్లిపోతోందట. మాస్టారు వస్తానంటే అంతకన్నా కావలసిందేముంది, ఒక్కసారి తరగతికి వచ్చి ఒక పాఠం చెబితే చాలు, నేను వెనకాల కూర్చుంటాను, బాగుంటే సెలవుల తర్వాత చేరిపోవచ్చు అంది. లేకపోతే మటుకు వేరేవాళ్లని తీసుకోక తప్పదు, పిల్లలకి పరీక్షలున్నాయి అంది.

"ఎలా ఉన్నారమ్మా మాస్టారు, నిజం చెప్పండి" అని అడిగింది.

"బ్రహ్మాండంగా ఉన్నారు మేడమ్" అంది మార్జినక్క.

ఎందుకన్నదంటే, ఆయన మొహం చూసి అంది. ఫోను పక్కనే నిలబడి, పాఠం అన్న మాట చెవిన పడగానే, సగం గడ్డంతో ఉన్న ఆ మొహం పెళ్లినాటి ఫోటోలో మొహంలా అయిపోయింది. ఇంట్లో కూర్చుంటే ఆయన మాస్టారు కాదు, పేషెంటు. బడికెళితేనే మనిషి. ఇంకొక సంగతి కూడా ఉంది, ఆవిడ ఎవరితోనూ అనలేదు గానీ మనసులో ఉన్నమాట. ఆయన పొద్దున్నే బడికెళ్లిపోతే సాయంత్రం దాకా ఉందీ లేదూ అనేవాళ్లు ఉండరు. ఆ నిశ్శబ్దం మీద ఆవిడకి ఆశ పుట్టింది.

చెప్పాల్సిన పాఠం మూలకాల పట్టికే. గోడకి పోస్టరు ఉండాల్సిందే, అందులో ఆయనకి సోడియం కనపడాల్సిందే. మర్నాడు మధ్యాహ్నం అన్నం కూడా మాని కంప్యూటరు ముందు కూర్చుని ఆలోచించింది. ఆయన తల ఎడమకి తిరగదు. సరే. తిరగకపోతే మానె. ఎడమనున్నదాన్నే కుడికి తెచ్చేస్తే పోలా?

సెట్టింగుల్లో కొత్త లైను ఒకటి చేర్చింది. మొదటి రెండు నిలువు వరుసలు ఎక్కడుండాలి, ఎడమా, కుడా? కుడి అని రాసి మీట నొక్కింది. ఎర్ర తిట్లు వచ్చాయి. సర్దింది. మళ్లీ నొక్కింది. పట్టిక వచ్చింది. క్షారలోహాల వరుస, దాని పక్క వరుస, రెండూ లేచి వెళ్లి జడవాయువుల అవతల కూర్చున్నాయి. వాటిని ఒక మెట్టు పైకి జరిపింది, అప్పుడు నియాన్ పక్కనే సోడియం, ఆర్గాన్ పక్కనే పొటాషియం, అంకెలు తెగకుండా వరసగా వచ్చాయి. శాస్త్రానికి కూడా తప్పు రాలేదు. మార్జిన్లు కొలిచింది, సరిగ్గా ఉన్నాయి.

ఓనరు అటుగా వెళుతూ ఆగాడు. "ఇదేంటక్కా, తోక మార్చి పెట్టావ్?"

"ఒక బడివాళ్లు ఇలా కావాలన్నారు."

"ఎవరిష్టం వాళ్లది" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం పోస్టరు పరిచింది. మాస్టారు చూశాడు, చూశాడు, వేలితో కుడివైపు నిలువుగా తడిమాడు. "హైడ్రోజన్, లిథియం, సోడియం, పొటాషియం. ఇదిగో, ఇన్నాళ్లకి సరిగ్గా వేశావు" అన్నాడు. నియాన్ తర్వాత సోడియం పక్కనే రావడం భలే ఉందన్నాడు, పిల్లలకి తేలిగ్గా ఎక్కుతుందన్నాడు. ఇన్నాళ్లూ మీ ప్రెస్సువాళ్లకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది అన్నాడు. అత్తగారు కోడలి చెవిలో, "నువ్వూ కంచం తిప్పావన్నమాట" అంది.

ఇప్పుడు ఎడమ అంచున ఏమున్నాయో మార్జినక్కకి తెలియకపోలేదు. టైటానియం, క్రోమియం, ఇనుము వగైరా. అవి ఆయనకి కనపడవు. కానీ పాఠం సోడియం, క్లోరిన్, జడవాయువుల గురించి. ఇనుముతో ఎవరికి పని, ఆ ఒక్క గంటా గడిస్తే చాలు అనుకుంది. వారం పొడుగునా ఆయన ఇంట్లో పాఠం చెప్పుకున్నాడు. విద్యార్థులు తల్లీ, పెళ్లామూ. ఇద్దరూ ఆయన కుడివైపే కూర్చుని విన్నారు. అక్కడే కూర్చోవడం వాళ్లకి ఎంత అలవాటైపోయిందంటే, అలా కూర్చున్నామన్న ఆలోచన కూడా ఇద్దరికీ రాలేదు.

పాఠం రోజున ఆవిడే ఆయన ఎడమచెంప గీసింది, చొక్కా రెండు చేతులూ తొడిగింది. తరగతి గదిలో నడవకి అటొక వరుసా ఇటొక వరుసా బెంచీలు. పిల్లలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ సార్ అన్నారు. పోస్టరు తనే నల్లబల్ల పక్కన తగిలించి వచ్చి, ఆవిడ చివర హెడ్ మేడమ్ పక్కన కూర్చుంది.

మొదలుపెట్టాడు. ఎంత బాగా చెప్పాడంటే, ఆవిడకి భయం పోయింది. జడవాయువుల్ని పెద్దింటి అల్లుళ్లు అన్నాడు, ఎవరితోనూ కలవరు, ఏ పనీ చెయ్యరు. సోడియం చేతిలో ఉన్నది ఎప్పుడెప్పుడు ఎవరికి ఇచ్చేద్దామా అని తిరిగే రకం, క్లోరిన్ ఎప్పుడెప్పుడు పుచ్చుకుందామా అని చూసే రకం, ఇద్దరూ కలిస్తే ఉప్పు. పిల్లలు నవ్వారు. ప్రశ్నలేశాడు, చేతులు లేచాయి, నువ్వు చెప్పు, నువ్వు చెప్పు అన్నాడు. హెడ్ మేడమ్ పక్కకి వంగి, "ఏం మారలేదమ్మా" అంది. మార్జినక్క ఇన్ని నెలల్లో మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

ఆనుకున్నాక కనపడింది. నువ్వు చెప్పు, నువ్వు చెప్పు అంటున్నది ఒక వరుసనే. ఆయన కుడిచేతి వరుసని. నడవకి ఇటువైపు, ఆయన ఎడమచేతి వరుసలో కూడా చేతులు లేస్తున్నాయి. లేచి, నిలబడి, నొప్పి పుట్టి, దిగిపోతున్నాయి. కొంతమంది అప్పటికే చేతులెత్తడం మానేశారు, ఒకడు బెంచీ మీద పెన్సిలుతో బొమ్మలేసుకుంటున్నాడు. పోస్టరంటే ఫైలులో ఒక మాట మార్చింది. ఈ వరుసని ఎక్కడికి జరుపుతుంది?

ఎడమ వరుసలో రెండో బెంచీలో రెండు జడల పిల్ల ఒకతె ఉంది. చెయ్యి ఎత్తి ఎత్తి విసిగి, గట్టిగానే అడిగేసింది. "సార్, మరి ఇనుము ఎటువంటిది సార్? ఇస్తుందా, పుచ్చుకుంటుందా?"

మాస్టారు మొహం చాటంతైంది. "మంచి ప్రశ్న. ఎవరమ్మా అడిగింది?" అన్నాడు, కుడివైపు బెంచీలు వెతుకుతూ.

"నేను సార్."

"ఎవరు? చెయ్యెత్తు."

"ఎత్తాను సార్. ఇక్కడ."

ఆయన కుడివైపు ఇంకా కుడికి తిరిగాడు. కిటికీ దాకా వెతికాడు. సార్ తమాషా చేస్తున్నాడనుకుని పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వి, "సరే, దాక్కున్నావన్నమాట. ఇనుము చూద్దాం" అని పోస్టరు వైపు తిరిగాడు. వేలితో వెతికాడు. పైనుంచి కిందకి, మళ్లీ కిందనుంచి పైకి. అంతా పోస్టరు కుడి సగంలోనే. నవ్వులు సన్నగిల్లాయి.

"ఈ పోస్టరులో ఇనుము వెయ్యలేదు" అన్నాడు చివరికి. "ప్రెస్సువాళ్లు మర్చిపోయారు. వాళ్లకి అంచుల మీదున్న శ్రద్ధ లోపల ఉండదు."

ఇనుము అక్కడే ఉంది. తరగతిలో పిల్లలందరికీ కనపడుతోంది. హెడ్ మేడమ్ తల వంచుకుని తన చేతులు చూసుకుంటోంది. మార్జినక్కకి లేచి వెళ్లాలని ఉంది, లేవలేకపోయింది. ఆవిడకి బదులు రెండు జడల పిల్ల లేచింది. నెమ్మదిగా వెళ్లి పోస్టరు మీద ఇనుము గడి పక్కన వేలు పెట్టి, "ఇదిగోండి సార్" అంది. గొంతు వచ్చిన దిక్కుకి కాక మళ్లీ కుడికే తిరగబోయాడు. ఆ పిల్లకి ఏం తోచిందో, ఆయన వేలు పట్టుకుంది. పట్టుకుని పోస్టరు మీద అలా ఎడమకి లాక్కెళ్లింది, రాగి మీంచి, నికెల్ మీంచి, ఇనుము దాకా. వేలి వెంట ఆయన తల తిరిగింది. తల వెంట భుజం తిరిగింది. ఇనుము కనపడింది. దాని పక్కన టైటానియం దాకా కనపడింది. ఆ పిల్ల మొహం కనపడింది. ఆ పిల్ల తిరిగి తన బెంచీకి వెళుతుంటే చూపు వదలకుండా వెంటే తిరిగాడు, అప్పటిదాకా లేని ఒక తరగతి కనపడింది. బెంచీలు బెంచీలుగా పిల్లలు, ఆయన వంకే చూస్తూ.

"మీరంతా ఎప్పుడొచ్చారు?" అన్నాడు మాస్టారు.

రెండు జడల పిల్లే చెప్పింది. "మొదట్నుంచీ ఇక్కడే ఉన్నాం సార్."

ఆయన వాళ్లని చూస్తూ ఉండిపోయాడు. రోగం వచ్చిన నాటినుంచీ ఎవరు చెప్పినా నమ్మనిది ఆ క్షణాన నమ్మాడు. పెళ్లాం చెబితే పోట్లాడాడు, డాక్టరు చెబితే నవ్వాడు. పిల్లలు తరగతిలో ఉన్నారా లేదా అన్న విషయంలో పిల్లలతో వాదించే మాస్టారు కాదాయన. సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ఇవాళ్టికి చాలు, కూర్చోండి" అన్నాడు. పిల్లలు కూర్చునే ఉన్నారు.

వరండాలో హెడ్ మేడమ్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "బాగా నయం చేసుకుని రండి మాస్టారూ, ఎప్పుడొచ్చినా సంతోషమే" అంది, ఈసారికి వేరేవాళ్లని చూసుకుంటానని మార్జినక్కకి మాత్రం మెల్లిగా చెప్పింది. పోస్టరు చుట్టి చంకలో పెట్టుకుని ఇద్దరూ బస్సెక్కారు. దారిలో ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పాక అడిగాడు. "పట్టిక నువ్వే మార్చావా?"

"మార్చాను."

"ఎందుకు?"

ఆవిడ కుర్చీలో కూలబడింది. సర్దిచెప్పే ఓపిక అప్పటికి ఎక్కడా మిగల్లేదు. "అలిసిపోయానండీ" అంది. "మీరు లేదంటే నేను ఉందనీ, నేను ఉందంటే మీరు లేదనీ. ఆ థెరపీ పిల్ల చెప్పినట్టు చెయ్యాలంటే రోజుకి వందసార్లు మీ చేత తిట్లు తినాలి. నా వల్ల కాలేదు. కనపడేచోట పెట్టేస్తే గొడవుండదనుకున్నాను."

"మేడమ్‌కి బాగున్నానని చెప్పావు."

"చెప్పాను. మీరు బడికెళితే నాక్కాస్త ఊపిరాడుతుందనే అలా చెప్పాను."

ఇంత మాట అన్నందుకు ఆవిడకే ఏడుపొచ్చింది. ఆయనకి కోపం వస్తుందనుకుంది, రాలేదు. చాలాసేపు తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, అది ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు.

"నేను లేదన్నప్పుడు నాకు నిజంగానే లేదు" అన్నాడు. "నీమీద పంతానికి అనలేదు."

"తెలుసు."

"తెలిస్తే మామూలు పట్టికే వెయ్యి. ఎక్కడివక్కడ ఉంచు. ఆ అమ్మాయి చెప్పిన ఎర్రది పెట్టు."

మర్నాడు ప్రెస్సులో మార్జినక్క సెట్టింగుల్లో కుడి అన్న మాట కొట్టేసి ఎడమ అని రాసింది. కింద ఇంకో లైను చేర్చింది. పట్టికకి ఎడమ మార్జిన్‌లో, పైనుంచి కిందదాకా, బొటనవేలంత లావు ఎర్ర గీత. తెల్లగా, ఖాళీగా ఉండాల్సిన చోట అలాంటి మోటు గీత ఇంకెవరైనా పెట్టి ఉంటే ఆవిడ వాళ్ల చేత కాగితం చింపించేది. ఓనరు చూసి ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఆవిడ సొరుగులోంచి టేపు తీసి బల్ల ఎడమ అంచున అంటించింది. మాస్టారు కుడి సగం తిని ఆగాడు. అత్తగారు అలవాటుగా నీళ్లచెంబుతో వంగి కంచం మీద చెయ్యి వేసింది.

"తిప్పకమ్మా" అన్నాడు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది, ఇంత వయసొచ్చాక ఎవరో దొంగతనం పట్టుకున్నట్టు. ఆయన తల తిప్పడం మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చి ఆగిపోయింది, అక్కడితో లోకం అయిపోయినట్టు. ఎర్రది కనపడలేదు. మళ్లీ తిప్పాడు. మెడనరాలు బిగుసుకున్నాయి. కూర కనపడింది, అన్నం కనపడింది, ఇంకాస్త తిప్పితే కంచం అంచు, దాని అవతల బల్ల, బల్ల చివర ఎర్ర టేపు. టేపు మీద ఒక చెయ్యి ఉంది. ఆ చేతి వెంట పైకి చూశాడు.

"నువ్వా" అన్నాడు. "ఎప్పుడు కూర్చున్నావిక్కడ?"

"ఇందాకట్నుంచీ."

ఆయన ఆవిడ వంక చూశాడు. ఇన్ని నెలల్లో ఎదురుగా కాకుండా, కుడివైపు నుంచి కాకుండా, తనంత తాను తల తిప్పి వెతుక్కుని చూడడం ఇదే. కళ్ల కింద నల్లటి చారలున్నాయి. చెంపల దగ్గర జుట్టు నెరిసింది, అది ఎప్పుడు నెరిసిందో ఆయనకి తెలియదు. ముందున్న కంచం ఖాళీగా ఉంది.

"నువ్వు తిన్నావా?" అన్నాడు.

ఈ మాట ఆవిడని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. లేదండీ, ఇంకా తినలేదు అంది. ఆయన తల అప్పుడే మెల్లిగా వెనక్కి జారిపోతోంది, కుడివైపుకి. ఆవిడ టేపు మీద వేలితో రెండుసార్లు తట్టింది. ఆయన మళ్లీ తిప్పాడు.